మూలవాణ్ణి ముందే కోరుకున్న ఏడు

చెడుగుడులో రెండు రకాల మనుషులుంటారని మా వైపు అనుకునేవాళ్లు. కూతకు పోయేవాడు ఒకడు, వచ్చినవాణ్ణి పట్టేవాడు ఇంకొకడు. కూతకు పోయేవాడి పేరు ఆట చూడని ఆడవాళ్లకు కూడా తెలుస్తుంది. పట్టేవాడి పేరు వాళ్లమ్మకు తెలిస్తే చాలు. నేను రెండో రకం. బరిలో ఎడమ మూల నిలబడి, వచ్చినవాడి కాలు పట్టి కూలేయడం నా పని. మావాళ్లంతా బయటికి పోయి వేరే గతి లేనప్పుడు నేనే కూతకూ పోయేవాణ్ణి. రెండూ చేసేవాణ్ణి కాబట్టి రెండింట్లోనూ నన్నెవరూ లెక్కలోకి తీసుకునేవాళ్లు కాదు. దీని మీద నాకు చాలాకాలం కోపం ఉండేది. ఇప్పటికీ పూర్తిగా పోలేదు.

మా అన్న మొదటి రకం. నాకంటే మూడేళ్లు పెద్ద. సన్నటి మనిషి, నడుము వంచాడంటే ఎక్కణ్ణుంచి దూరి ఎక్కడ తేలతాడో తెలిసేది కాదు. ఐరాల చుట్టుపక్కల ఏ టీ అంగడి ముందు కూర్చున్నా ఆయన కూత గురించి ఎవరో ఒకరు ఎత్తేవాళ్లు. వింటుంటే నాకు గర్వంగా ఉండేది, ఒళ్లు మండేది కూడా. ఆయన తాకి వచ్చిన ఒక్కడి గురించి వారం రోజులు చెప్పుకునేవాళ్లు. అదే ఆటలో నేను కూలేసినవాళ్ల గురించి అడిగితే, వాళ్లే కాలు జారి పడినారు అనేవాళ్లు.

డెబ్బైల చివర్లో మా బావి ఎండిపోయింది. బావితో చెరకు పోయింది, చెరకుతో గానుగ పని పోయింది. నాయన అంతకు ముందే పోయాడు. ఇంట్లో అమ్మ, మేమిద్దరం. ఇద్దరికీ ఏదో ఒక పని దొరకాలి. చిత్తూరు బెల్లం మండీల్లో పనంటే మా ఊళ్లో సర్కారు ఉద్యోగం కింద లెక్క. ఏడాది పొడుగునా నీడపట్టున పని, వారానికోసారి ఇంటికి రావచ్చు. మామూలుగా అడిగితే గేటు లోపలికి కూడా రానిచ్చేవాళ్లు కాదు. మాలాంటివాళ్లకు ఉన్న దారి ఒక్కటే, చెడుగుడు.

బెల్లం రద్దీ తగ్గాక మండీల యజమానులు నలుగురూ జట్లు కట్టి పోటీ పెట్టుకునేవాళ్లు. ఆటగాళ్లను ఎంచుకునే పద్ధతి కూడా వాళ్ల వ్యాపారం లాగే ఉండేది. మార్కెట్టు యార్డులో గోనెపట్టాలు పరిచి యజమానులు కూర్చుంటారు. ఒక్కొక్కరి పక్కన వాళ్ల జట్టు పెద్ద. ఎదురుగా చుట్టుపక్కల ఊళ్ల నుంచి వచ్చిన మేమంతా వరసగా నిలబడతాం. చీటీ వేసి ఎవరి వంతు ముందో తేల్చుకుని, ఒకరి తర్వాత ఒకరు మనిషిని కోరుకుంటారు. కోరుకున్నవాడి నోట్లో చిన్న బెల్లం ముక్క పెడతారు. బెల్లం నోట్లో పడేదాకా మాట మార్చుకోవచ్చు, తన తర్వాతి వంతు వదులుకుని ఇంకో మండీ కోరినవాణ్ణి అడగవచ్చు. పడ్డాక మాత్రం ఆ ఏడు వాడు ఆ మండీ మనిషే, దేవుడు దిగివచ్చినా మార్పు లేదు. గెలిచిన మండీ తన ఆటగాళ్లందరినీ పనిలో పెట్టుకునేది. ఓడినవాళ్లకు తలా ఒక పంచె ఇచ్చి బస్సెక్కించేది.

అంటే మేమిద్దరం ఒకే మండీలో పడితే ఇద్దరికీ పని దొరికే దారి ఉంది. వేర్వేరు మండీల్లో పడితే ఇద్దరిలో ఒకడు ఇంటికి రావలసిందే. ఈ సంగతి అన్న నాకంటే ముందే ఆలోచించాడు.

ఎంచుకునే రోజు పొద్దున్నే నన్ను వెంటబెట్టుకుని అక్కడి పెద్ద మండీ యజమాని దగ్గరికి పోయాడు. వంతు ముందొస్తే అన్ననే కోరుకుంటానని ఆయన అప్పటికే నలుగురి ముందూ చెప్పి ఉన్నాడు.

"సామీ, నా తర్వాత మా తమ్ముణ్ణి అడగండి. మేమిద్దరం ఎప్పుడూ ఒకే పక్క ఆడేవాళ్లం" అన్నాడు అన్న.

యజమాని నన్ను కిందికీ పైకీ చూశాడు. "మీ తమ్ముడు యాడికి పోతాడప్పా? మూల నిలబడేవాణ్ణి మొదట్లోనే ఎవురన్నా కోరుకుంటారా? ముందు కూతగాళ్లు అయిపోనీ. ఆఖర్న తీసుకుందాం లే."

ఆయన మాటలో తప్పు లేదు. మండీల్లో అందరి లెక్కా అదే. మంచి కూతగాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే ఉంటారు, మొదటి రెండు వంతుల్లో అయిపోతారు. పట్టేవాళ్లు మాత్రం చివరిదాకా గుంపులు గుంపులుగా మిగిలే ఉంటారు. చివర దొరికేదాని కోసం మొదటి వంతు పోగొట్టుకోవడం ఏ వ్యాపారస్తుడూ చెయ్యడు. నేను అక్కడే నిలబడి ఉన్నాను కాబట్టి ఈ మాటలన్నీ నా మొహం మీదే జరిగాయి. "సరే సామీ" అన్నాం ఇద్దరం.

మొదటి వంతు పెద్ద మండీకే వచ్చింది. అన్నను కోరుకున్నారు, బెల్లం పెట్టారు, జనం ఈలలు వేశారు. రెండో వంతు ఆ పక్క మండీది. ఆ మండీ జట్టు పెద్ద అక్కడే తూకాలు వేసే మనిషి. ఒకప్పుడు పేరున్న ఆటగాడు, మోకాలు పోయి కుంటుతూ నడిచేవాడు. అందరూ ఆయన్ను మామా అనేవాళ్లు. పుత్తూరు నుంచి వచ్చిన ఒక పొడుగాటి కూతగాడు అప్పటికే ఒక అడుగు ముందుకేసి, పంచె సర్దుకుని తయారుగా ఉన్నాడు.

మామ లేచి, పొడుగాయన్ను దాటుకుని వచ్చి నా భుజం మీద చెయ్యి వేశాడు. "ఈ పిలగాడు" అన్నాడు.

యార్డంతా నవ్వింది. నేను కూడా నవ్వాను, ఆయన ఎవరినో పిలవబోయి పొరపాటున నన్ను పట్టుకున్నాడనుకుని. మండీ యజమాని మాత్రం నవ్వలేదు.

"ఏమప్పా, మతి ఉండే మాట్లాడతా ఉండావా? కూతగాణ్ణి ఎదురుగా పెట్టుకుని మూలోణ్ణి కోరుకుంటావా? నేను బెల్లం పెట్టను పో."

"మీరు పెట్టకపోతే నేనే పెడతా సామీ" అని మామ పళ్లెంలోంచి ముక్క తీసుకున్నాడు.

అప్పుడు నేను అన్న వైపు చూశాను. ఆయన చెయ్యి పైకెత్తి, ఆగు ఆగు అన్నట్టు ఊపుతూ తన యజమాని చెవిలో ఏదో చెబుతున్నాడు. తర్వాతి వంతు ఇచ్చి నన్ను మార్చుకొమ్మని అడుగుతున్నాడని నాకు తెలుస్తూనే ఉంది. మామకూ తెలిసింది. "నోరు తెరువబ్బా" అన్నాడు. తెరిచానో, ఆయనే తెరిపించాడో గుర్తు లేదు. బెల్లం నోట్లో పడింది. చేదుగా ఉందని, కన్నీళ్లు వచ్చాయని చెబితే రాతకు అందంగా ఉంటుంది గానీ, నిజానికి నాకేమీ అనిపించలేదు. తీపి కూడా తెలియలేదు. కాళ్లూ చేతులూ ఎవరివో అరువు తెచ్చి నాకు తగిలించినట్టు, మామ లాగిన వైపుకు నడిచాను.

ఆ మొద్దుతనం చాలా రోజులు వదల్లేదు. పోటీ అయ్యేదాకా ఎదుటి మండీ మనిషితో మాట్లాడకూడదని కట్టుబాటు. అన్న అక్కడే, రోడ్డుకు ఆ పక్క షెడ్డులో పడుకునేవాడు. నేను ఈ పక్క. పొద్దున బోరింగు దగ్గర ఎదురుపడితే బిందెలు చూసుకుంటూ పక్కకు తప్పుకునేవాళ్లం. నాకు కోపం రాలేదు, బెంగ కూడా లేదు. పెట్టింది తిన్నాను, నిలబడమన్నచోట నిలబడ్డాను.

చుట్టూ మాత్రం ఒకటే గోల. మార్కెట్టు దగ్గర టీ అంగళ్లలో ఆ వారమంతా నా గురించే వాదన. నన్ను పక్కనే పెట్టుకుని, నేను ఎద్దునో బండినో అన్నట్టు మాట్లాడేవాళ్లు. కూతగాడు ఆట గెలిపిస్తాడు, మూలోడు ఏం చేస్తాడబ్బా అని ఒకడు. కూతగాడు ఒక్క ఊపిరి సేపు ఆడతాడు, మూలోడు ఆట అయ్యేదాకా ఆడాల గదా అని ఇంకొకడు. పైగా వీడు గతి లేనప్పుడు కూతకు గూడా పోతాడంట, ఒక్క వంతులో ఇద్దరు దొరికినట్టు గదా అని మూడోవాడు. నేను టీ తాగి గ్లాసు కడిగి పెట్టి వచ్చేవాణ్ణి. ఇన్నేళ్లూ నా గురించి ఇలా ఎవరైనా వాదించుకుంటే బాగుండని కోరుకున్నవాణ్ణి, అది జరుగుతున్నప్పుడు చెవికెక్కలేదు.

ఒకరోజు సాధన అయ్యాక మామను అడిగాను. "నన్నెందుకు కోరుకున్నావు మామా? పుత్తూరాయన నాకంటే మేలు గదా."

"మేలే" అన్నాడు మామ, మోకాలికి నూనె రాసుకుంటూ. దాచుకునే మనిషి కాడు. "మీ అన్న కోసం నిన్ను కోరుకున్నా. ఆయనకు వాటమైన పక్క నీ మూలే. నువ్వు ఆడ నిలబడుంటే సాలు."

నాకు అర్థమైంది అనుకున్నాను. అన్న అడుగులు నాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియవు. ఏ కాలు ముందు వేస్తాడో, ఊపిరి ఎప్పుడు పలచబడుతుందో ఆయన వెనక నిలబడి ఏళ్ల తరబడి చూసినవాణ్ణి. ఆయన్ను పట్టించడానికే నన్ను తెచ్చుకున్నారు. వస్తే పట్టాలి. అందులో ఆలోచించడానికి ఏముంది? పట్టాక ఆయన ఇంటికి పోతాడు, నేను మండీలో ఉంటాను. ఎప్పుడైనా ఊరికి పోతే ఇద్దరం ఒకే చోట కూర్చుని తినాలి. అంతవరకు ఆలోచించి ఆపేసేవాణ్ణి. ఆ తర్వాత ఏదీ తోచేది కాదు.

చివరి ఆటకు మా మండీ, అన్న వాళ్ల పెద్ద మండీ మిగిలాయి. సాయంకాలం ఎండ ఇంకా ఉండగానే యార్డు నిండిపోయింది. బెల్లం బుట్టల మీద, బండ్ల మీద, గోడల మీద జనం. బరిలో ఇసుక పోసి తడిపారు. నేను నా మూలకు పోయి నిలబడ్డాను.

అన్న మొదటి కూతకు వచ్చాడు. గీత దాటగానే నా కుడి పక్కకు మళ్లాడు. నా మూల ఎడమన. ఏదో ఎత్తు వేస్తున్నాడనుకున్నాను. రెండోసారి వచ్చాడు, మళ్లీ కుడికే. మూడోసారీ అంతే. వాటం లేని పక్క కావడంతో తాకలేక తిరిగిపోతున్నాడు. పెద్ద మండీ జనం మొదట ఊరుకున్నారు, తర్వాత అరవడం మొదలుపెట్టారు. "ఎడమ మూలకు పో, ఎడమ మూలకు! ఆ పక్క నీకేమన్నా పాము ఉండాదా?" అన్న వినిపించుకోలేదు. సగం బరిలోనే ఆడాడు. రెండో సగం ఆయనకు లేనట్టే, అందులో నేను ఒక్కణ్ణే నిలబడి ఉన్నాను, చేతులు చాచుకుని.

ఆట మధ్యలో నీళ్లు తాగడానికి ఆపారు. మామ నా దగ్గరికి కుంటుకుంటూ వచ్చాడు.

"నా పక్కకు రావడం లేదు మామా. నేనెట్ల పట్టేది?" అన్నాను.

"నిన్ను పట్టమని ఎవురు సెప్పినారు?" అన్నాడు ఆయన, చెంబు నాకందిస్తూ. "ఆ పొద్దు ముందే తనను కోరుకునినాక ఇంకొకడైతే దర్జాగా పోయి కూర్సుంటాడు. మీ అన్న కూర్సోలా. నోట్లో బెల్లం పెట్టుకుని నిన్నెవురు పిలుస్తారా అని సూస్తా నిలబడినాడు. అప్పుడే అనుకున్నా, ఈ మనిషి వీడుండే పక్కకు రాడు అని. నిలబడు పో. నువ్వు సేసే పని బాగనే సేస్తా ఉండావు."

చెంబులో నీళ్లు తాగి మూలకు పోయి నిలబడ్డాను. నన్ను కోరుకున్నది నా చేతులను చూసి కాదు, నా అన్నకు నా మీద ఉన్న ప్రేమను చూసి. అది తెలిసినప్పుడు ఎవరికైనా ఏదో ఒకటి అనిపించాలి. నాకు అరికాళ్ల కింద తడి ఇసుక చల్లగా తగిలింది, అంతే తెలిసింది.

ఆఖరికి మా వైపు ఇద్దరం మిగిలాం, నేనూ, అటు మూలలో ఇంకొకడూ. అన్న వాళ్ల వైపు అన్న ఒక్కడే. ఆయన కూతకు వచ్చాడు. ఈసారి గీత దాటి కాసేపు మధ్యలో ఆడాడు, రెండు పక్కలా చూస్తూ. నా వైపు ఒక్క అడుగు వేశాడు. ఆయన కాలు నాకు అందేంత దూరంలో ఉంది. తలెత్తి నా మొహంలోకి చూశాడు. కూత ఆపకుండానే చూశాడు. తర్వాత ఆ కాలు వెనక్కి తీసుకుని అటు మూలకు దూకాడు. ఆ మూలవాడు అన్న నడుము పట్టుకుని పడిపోయాడు. నేను పోయి మీద పడవలసింది. నా కాళ్లు కదల్లేదు. అవసరమూ రాలేదు, అన్న ఊపిరి అక్కడే అయిపోయింది, ఆట మాదైంది.

మావాళ్లు నన్ను భుజాల మీదికి ఎత్తుకున్నారు. నేను ఎవరినీ పట్టలేదని ఎంత చెప్పినా వినలేదు. బెల్లం పెట్టనన్న యజమాని వచ్చి నా వీపు తట్టి, మావాడు ఎంచితే ఎంచినట్టే అన్నాడు. అంత ఎత్తు నుంచి చూస్తే పెద్ద మండీ షెడ్డు ముందు అన్న పంచె తీసుకుని మడత పెట్టుకోవడం కనిపించింది. చూశాను. ఏడుపు రాలేదు. ఏడుపు రాలేదని మాత్రం భయం వేసింది.

నన్ను మండీలో పనికి ఉంచుకున్నారు. పనిలో చేరే ముందు ఊరికి పోయి రమ్మన్నారు. అప్పటికే అన్నకు రేణిగుంట గూడ్సు షెడ్డులో మూటలు మోసే పని ఎవరో చూసిపెట్టారు. మరుసటి పొద్దున బస్సు. అమ్మ సంగటి కెలికి ఇద్దరికీ పెట్టింది. మండీలో పని దొరికినందుకు నా తల నిమిరింది, రేణిగుంటకు పోతున్నందుకు అన్న తల నిమిరింది. ఆమెకు ఆట సంగతులు ఏవీ తెలియవు. ఆమె ముందు మేమిద్దరం బాగానే మాట్లాడుకున్నాం.

పొద్దున్నే సంచి తీసుకుని బయలుదేరాడు. రోడ్డు దాకా వస్తానని వెంట నడిచాను. దారి చెనక్కాయలు పీకేసిన చేనుకు అడ్డంగా పోతుంది. చేను సగం దాటాక అడిగాను.

"నా పక్కకు ఎందుకు రాలేదన్నా?"

"వస్తే నన్ను పట్టుకుంటావు గదరా."

"పట్టుకుంటే ఏమి? ఆట గదా."

"నాకేముండాది, లేసి ఇసక దులుపుకుని పోతా. నువ్వు అన్నం ముందర కూర్సునే ప్రతిసారీ నీకు గుర్తొస్తాది. ఎందుకురా అదంతా?"

అన్ని రోజుల తర్వాత నాకు కోపం వచ్చింది. ఒక్కసారిగా, ఒళ్లంతా వేడెక్కేంత కోపం. "నువ్వు రాకపోయినా గుర్తొస్తాది. ఇంకా ఎక్కువ గుర్తొస్తాది. నన్నడిగినావా నువ్వు? ఆ మామ అడగలేదు, నువ్వూ అడగలేదు. మీరిద్దరూ నన్ను కట్టెలాగా నిలబెట్టినారు" అన్నాను. గట్టిగానే అరిచినట్టున్నాను. కొంగలు లేచిపోయాయి.

అన్న సంచి గట్టు మీద పెట్టాడు. మడమతో మట్టిలో ఒక గీత గీశాడు. పంచె పైకి ఎగ్గట్టి గీతకు అవతలికి పోయాడు.

"అయితే నిలబడు. నీ మూలలో నిలబడు."

నిలబడ్డాను. ఆయన కూత ఎత్తుకుని వచ్చాడు. నాకోసం తగ్గించి ఆడలేదు, అది మొదటి అడుగులోనే తెలిసింది. ఎంత బాగా వస్తాడో అంత బాగానూ వచ్చాడు, నేరుగా నా మీదికే. తాకి వెనక్కి తిరుగుతుండగా చీలమండ దొరికింది. రెండు చేతులా పట్టి పడిపోయాను. ఆయన నన్ను ఈడ్చుకుంటూ గీత వైపు పాకాడు. చెనక్కాయ మొదళ్లు గీరుకుపోయి నా మోచేతులు మండాయి. ఆయన వేళ్లు గీతకు జానెడు దూరంలో ఉండగా కూత తెగింది.

వెల్లకిలా తిరిగి, రొప్పుతూ నవ్వాడు. "ఆ కుంటాయన తప్పు లెక్క ఏసినాడబ్బా. నువ్వు ఊరికే నిలబడేవాడివి గాదు. నాదే మొదటి వంతైతే నేనూ నిన్నే కోరుకునేవాణ్ణి."

దూరంగా మలుపులో బస్సు హారన్ వినబడింది.

"వదులురా, బస్సు వస్తా ఉండాది" అన్నాడు.

నేను వదల్లేదు. ఆట అయిపోయింది, కూత ఎప్పుడో ఆగిపోయింది, అయినా ఆ కాలిని గుండెకు అదుముకుని, మొహం మట్టిలో పెట్టుకుని ఏడుస్తూనే ఉన్నాను. అన్న మళ్లీ వదలమని అనలేదు.